ఎడమకు లాగే బండి

దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ బొగ్గుగని కార్మికుల చేతిలో పడ్డాక గోదావరిఖనిలో కొత్త బండ్లు దిగుతాయి, పాతవి చేతులు మారతాయి. నాలుగేళ్ల కింద అలాంటి రోజుల్లోనే మా తమ్ముడికి ఒక పాత స్ప్లెండర్ కొన్నాం. ఇంజన్ చప్పుడు విన్నాం, పొగ చూశాం, కాగితాలు సరిచూసుకున్నాం. బండి తిన్నగా పోతుందా అని మాత్రం ఎవరమూ చూడలేదు.

వారం తిరక్కముందే గోదావరి వంతెన మీద తెలిసింది. యాభైలో పోతుంటే ఎడమకు లాగుతోంది. సరిచేస్తే కుడికి పోతోంది. పక్కనుంచి బొగ్గు లారీ దాటేసరికి నా చేతులు బిగుసుకుపోయాయి. "నైట్ షిఫ్టు దిగి దీనిమీద ఎట్లొస్తున్నవ్‌రా?" అన్నాను. "అలవాటైతదన్నా" అన్నాడు. ఆ మాటకే నాకు ఎక్కువ భయమేసింది. రాత్రంతా బొగ్గు బాయిల పనిచేసి కళ్లు మూతలు పడుతున్నవాడు దారి పొడుగునా హ్యాండిల్‌తో కుస్తీ పడాలా?

ముందు టైరు మార్పించాం. తర్వాత ఫోర్కుల్లో ఆయిలు, సీళ్లు. డబ్బులు పోయాయి, మెలిక పోలేదు.

చివరికి ఎయిట్ ఇంక్లైన్ కాలనీ దారిలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాం. ఆయన పానా ముట్టలేదు. రెండు టైర్లలో గాలి చూశాడు. ముందు ఇరవై అయిదు, వెనక ఇరవై ఎనిమిది చేశాడు. సెంటర్ స్టాండ్ వేసి తమ్ముణ్ని వెనక క్యారియర్ మీద కూర్చోబెడితే ముందు చక్రం గాల్లోకి లేచింది. హ్యాండిల్‌ను రెండు వేళ్లతో మెల్లగా అటూ ఇటూ తిప్పి, "నువ్వు పట్టు సారూ" అన్నాడు. పట్టాను. ఎడమనుంచి నున్నగా వచ్చింది. సరిగ్గా నడుమకు రాగానే టక్కుమని ఒక గుంతలో కూర్చుంది, తలుపు గడియ పడ్డట్టు.

"కోన్‌సెట్ పోయింది" అన్నాడు.

హ్యాండిల్ తిరిగేది కోన్‌సెట్‌లోని గోళీల మీద. బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కాబట్టి స్పీడ్ బ్రేకర్ల దెబ్బ, గుంతల దెబ్బ ఏళ్ల తరబడి ఒక్కచోటే పడుతుంది. అక్కడ గోళీలు అచ్చులు పడేస్తాయి. కానీ తిన్నగా పోవడమంటే ముందు చక్రం కదలకుండా ఉండటం కాదు, క్షణక్షణం పిసరంత తిరుగుతూ సర్దుకోవడం. 1970లో డేవిడ్ జోన్స్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఎవరూ తొక్కలేని సైకిల్ చేయబోయి ఈ సర్దుబాటుకు ఒక ముఖ్యమైన కారణం చూపించాడు. స్టీరింగ్ ఇరుసు గీతను నేలదాకా పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటుకు కాస్త ముందు పడుతుంది. అందుకే ట్రాలీ చక్రంలా టైరు దాని వెనకే వస్తూ తనంతట తాను దారిలో పడుతుంది. అచ్చులో ఇరుక్కున్న చక్రానికి ఆ పిసరంత కదలిక ఉండదు. అందుకే పాము నడక.

విప్పితే గ్రీజు నల్లటి ముద్దయి ఉంది. వేళ్ల మధ్య నలిపి చూపించాడు, గరగరలాడింది. "బొగ్గు మెత్తగుంటది. ఇది ఉసికె." ఓపెన్‌కాస్టు మట్టిదిబ్బల దుమ్ము, ఒకప్పుడు బొగ్గు తీసిన బాయిలు నింపడానికి గోదావరినుంచి లారీల మీద తోలిన ఇసుక, ఇక్కడి రోడ్లు రెండూ చూశాయి.

కొత్త కోన్‌సెట్ వేసి నట్టు బిగించేటప్పుడు ఆయన పట్టిన ఓపిక ఇప్పటికీ కళ్లలో ఉంది. వదులైతే బ్రేకు పట్టినప్పుడు ముందు భాగం కటకటమంటుంది. మరీ బిగిస్తే కొత్త కోన్‌సెట్‌తో కూడా అదే పాము నడక. చక్రం లేపి, వేలితో తాకితే హ్యాండిల్ తన బరువుతో తానే పక్కకు ఒరగాలి. నాలుగుసార్లు విప్పి, నాలుగుసార్లు బిగించాడు.

"నడిపి రాపో" అన్నాడు. పాము నడక పోయింది, ఎడమకు లాగడం పోలేదు. అప్పుడే వెనక్కి వెళ్లాడు. చక్రాన్ని పక్కకు కుదిపితే స్వింగ్ ఆర్మ్ బుష్‌లో కొంచెం ఆట ఉంది. చైన్ అడ్జస్టర్ కుడివైపు గీతకూ ఎడమవైపు గీతకూ ఒక గాటు తేడా. వెనక టైరునుంచి ముందు టైరుదాకా దారం పట్టి సరిచేశాడు. కోన్‌సెట్, వెనక చక్రం రెండూ ఒకేసారి సరిచేసి ఉంటే ఏది దేనివల్ల వచ్చిందో మాకు తెలిసేదే కాదు. మొదట్లో మేం ఊహ మీద భాగాలు మార్చాం. ఆయన ఒకటి మార్చాడు, నడిపించాడు, అడిగాడు, తర్వాతే రెండోది ముట్టాడు.

ఆ సాయంత్రం తమ్ముణ్ని వెనక కూర్చోబెట్టుకుని మళ్లీ వంతెన ఎక్కాను. నది మీదినుంచి గాలి అడ్డంగా కొట్టింది. బండి కొంచెం ఒరిగి, నేనేమీ చేయకుండానే తిరిగి నిలబడింది. అవతలి ఒడ్డున దిగి తమ్ముడు తాళం చెవి అడిగాడు. ఆ రాత్రి వాడికి డ్యూటీ ఉంది.