అసలును గుండెల్లో పెట్టుకున్న వెక్కిరింపు

‘ద సింప్సన్స్’ కార్టూన్‌లో హోమర్ గొడ్డలి పుచ్చుకుని పెళ్లాం బిడ్డల వెంటపడే ఎపిసోడు ఒకటుంది. 1994 అక్టోబరు 30న అమెరికాలో ఫాక్స్ చానల్లో వచ్చింది. హాలోవీన్ కోసం ఏటా తీసే ‘ట్రీహౌస్ ఆఫ్ హారర్’ వరసలో అయిదోది. ఈ వరసలో ఇప్పటికి ముప్పైకి పైగా వచ్చాయి. అయిదోదాన్ని మించింది ఒక్కటీ లేదని ఎవరితోనైనా సరే వాదనకు దిగుతాను.

అందులో మొదటి కథ స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘ద షైనింగ్’ (1980)కి పేరడీ. చలికాలం మూతపడే కొండల్లో హోటలు, కాపలాకి వెళ్లిన కుటుంబం, మెల్లగా మతి చెడిపోయే తండ్రి. రెండు గంటలు దాటిన ఆ సినిమాని రచయిత బాబ్ కుషెల్, దర్శకుడు జిమ్ రియర్డన్ ఏడు నిమిషాల్లో చెప్పారు. అక్కడో ముక్క ఇక్కడో ముక్క కత్తిరించి అతికితే ఈ పని జరగదు. తండ్రికి పిచ్చి ఎందుకెక్కిందన్న ప్రశ్న దగ్గరే వాళ్లు కథను పట్టుకున్నారు. పిసినారి యజమాని బర్న్స్ పనివాళ్లు ఒళ్లొంచి పనిచేస్తారని హోటల్లో కేబుల్ టీవీ పీకించేస్తాడు, బీరు లేకుండా చేస్తాడు. కుబ్రిక్ హీరో మనసులో ఏం కుళ్లిందో ఇవాళ్టికీ పండితులు తర్కించుకుంటున్నారు. హోమర్‌కి ఆ తర్కం అక్కర్లేదు. అతని లోకమే ఆ రెండు వస్తువులు.

టైపు మిషన్ సన్నివేశం చూడండి. సినిమాలో భర్త రోజుల తరబడి టైపు చేసిన కాగితాల కట్టను భార్య తిరగేస్తుంది. పేజీ పేజీలోనూ అదే వాక్యం ఉంటుంది. వెన్నులో చలి పుట్టే ఘట్టమది. ఇక్కడ హోమర్ భార్య మార్జ్ వెళ్లి చూస్తే కాగితం మీద తాను బాగానే ఉన్నానని హోమర్ కొట్టిన రెండు ముక్కలు మాత్రం ఉంటాయి. అమ్మయ్య అనుకునేలోపు మెరుపు మెరుస్తుంది. గోడల నిండా, పైకప్పు దాకా, టీవీ లేక బీరు లేక పిచ్చెక్కుతోందన్న ఒకే మాట గీకి ఉంటుంది. సినిమా చూసినవాడు కాగితాల కట్ట కోసం ఎదురుచూస్తుంటాడు. వాడు ఎదురుచూస్తాడని వీళ్లకు తెలుసు. అందుకే ముందు ఊరడించి, తర్వాత కొట్టారు. సినిమా చూడనివాడు కూడా అదే చోట ఉలిక్కిపడతాడు, అదే చోట నవ్వుతాడు. ఈ రెండు రకాల ప్రేక్షకులనూ ఒకే దెబ్బకు పడగొట్టడమే ఈ విద్యలో పరాకాష్ఠ.

జరుక్ శాస్త్రి పేరడీలు చదివిన తెలుగువాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా? అసలు నడక ఒంటబట్టనివాడు వెక్కిరించలేడు.

‘ట్రీహౌస్’ వరస పుట్టింది 1990 అక్టోబరు 25న. పాత ఈసీ కామిక్స్ భయానక కథల మీద మోజుతో మొదలుపెట్టారని అంటారు. మూడు పొట్టి కథలు, మొదట్లో మార్జ్ తెర ముందుకొచ్చి చేసే హెచ్చరిక, ఒంటికన్ను గ్రహాంతరవాసులు కాంగ్, కోడోస్ అప్పుడే వచ్చేశారు. ఎపిసోడు ముగిసేసరికి సింప్సన్స్ లోకం ఎప్పటిలా యథాస్థితికి వచ్చేస్తుంది కదా, ఈ ఒక్క రాత్రికి ఆ నియమం లేదు. ఎవరైనా చావొచ్చు, లోకమే తగలబడొచ్చు. అయిదో ఎపిసోడులో తోటమాలి విల్లీ మూడు కథల్లోనూ వీపులో గొడ్డలి దిగి చస్తాడు. టీవీలో హింస మీద అమెరికా చట్టసభలో రభస జరుగుతున్న రోజులవి. అప్పటి షో సారథి డేవిడ్ మర్కిన్ దానికి జవాబుగా కావాలనే రక్తం పారించాడు.

మొదటి ఎపిసోడులోనే వాళ్ల తెగువ చూసి నాకు ఆశ్చర్యం వేస్తుంది. మూడో కథ ఎడ్గార్ అలన్ పో 1845లో అచ్చువేసిన ‘ద రేవెన్’ పద్యం. పో మాటలనే చాలావరకు ఉంచి, జేమ్స్ ఎర్ల్ జోన్స్ గంభీర స్వరంతో చదివించారు. కాకి ముఖం హోమర్ కొడుకు బార్ట్‌ది. ఆదివాసీ దెయ్యాలు, గ్రహాంతరవాసుల కథలయ్యాక పిల్లలు చూసే కార్టూన్‌లో నూట నలభై అయిదేళ్ల నాటి పద్యం! ఆల్ఫ్ క్లాసెన్ ఈ షోకి సంగీతం కట్టడం మొదలుపెట్టింది కూడా ఆ ఎపిసోడుతోనే. తర్వాత దాదాపు ఇరవై ఏడేళ్లు, భయం నిజంగా భయంలాగే వినపడేలా వాయింపించాడు. నవ్వు పుట్టించే గంతుల సంగీతం పెట్టి ఉంటే ఈ కథలు ఎన్నడో చచ్చేవి.

1995లో ఆరో ఎపిసోడులో హోమర్ బల్లపరుపు బొమ్మ నుంచి మూడు కొలతల లోకంలోకి జారిపడతాడు. కంప్యూటర్ బొమ్మలను పసిఫిక్ డేటా ఇమేజెస్ సంస్థ చేసింది. అక్కడ గాలిలో తేలే ఒక లెక్క ఉంది: 1782 పన్నెండో ఘాతం, 1841 పన్నెండో ఘాతం కలిపితే 1922 పన్నెండో ఘాతం. మామూలు కాలిక్యులేటర్‌లో వేస్తే సరిపోయినట్టే కనిపిస్తుంది. సరిపోతే, రెండుకు మించిన ఘాతాల్లో ఇలాంటి లెక్క కుదరదనే ఫెర్మా సిద్ధాంతం కూలిపోవాలి. కానీ సరి సంఖ్యకు బేసి సంఖ్య కలిపితే సరి సంఖ్య రాదు కదా! రచయిత డేవిడ్ కోహెన్ పెట్టిన ఉచ్చు అది. క్షణకాలం మెరిసిపోయే మూల కోసం ఇంత శ్రమ పడ్డవాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆ తర్వాతి సంగతి తలుచుకుంటే కడుపు మండుతుంది. 2000 నుంచి 2008 దాకా బేస్‌బాల్ ప్రసారాల కోసం ఫాక్స్ ఈ హాలోవీన్ ఎపిసోడును ఏటా నవంబరుకి నెట్టేసింది. సంక్రాంతి వెళ్లాక గొబ్బెమ్మలు పెట్టినట్టు! దానికన్నా పెద్ద నేరం లోపల జరిగింది. 2007లో ‘మిస్టర్ అండ్ మిసెస్ స్మిత్’ సినిమాని పేరడీ చేశారు. అందులో హారర్ ఎక్కడుంది? 2011లో ‘అవతార్’ని పట్టుకున్నారు. హిట్టు సినిమా పోస్టరు మీద పసుపుపచ్చ మొహాలు అతికించడం పేరడీ కాదు. అది బద్ధకం. కథకి భయం లేదు, భయం లేనప్పుడు నవ్వుకి ఆధారం లేదు. పేగులు బయటపడితే చాలు హారర్ అయిపోయిందనుకున్నారు. మర్కిన్ రక్తం పారించాడంటే దానికి ముందు ఆరు నిమిషాలు కథ నడిపాడు మరి.

కొత్తవాళ్లలో ఒక్క పనికి మాత్రం నేను తలవంచుతాను. 2022లో వచ్చిన ముప్పైమూడోదానిలో జపాన్ కథ ‘డెత్ నోట్’ని తీసుకుని, ఆ బొమ్మల తీరులోనే కొరియా స్టూడియో డీఆర్ మూవీ చేత గీయించారు. అసలు ఒంటబట్టినవాళ్లు చేసిన పని అని మొదటి షాట్‌లోనే తెలిసిపోతుంది. ఆ ఎపిసోడుకి ఎమ్మీ వచ్చింది, రావలసిందే.

ఈ అక్టోబరులో మీ పిల్లలు హాలోవీన్ అంటూ ఏదో ఒకటి పెట్టమని గొడవ చేస్తే, వాళ్లు కాస్త ఊహ తెలిసినవాళ్లయితే, కొత్తవాటి జోలికి పోకుండా 1994 నాటిది పెట్టండి. మర్నాడు మీరొక్కరే కూర్చుని కుబ్రిక్ సినిమా చూసి, మళ్లీ ఆ ఏడు నిమిషాలూ చూడండి. లిఫ్టు తలుపు తెరుచుకుని రక్తం వరదలా వచ్చినప్పుడు, మామూలుగా అది రెండో అంతస్తులోనే దిగిపోతుందే అని బర్న్స్ ఆశ్చర్యపోయే చోట కాస్త ఆపి, వెనక్కి తిప్పి మరోసారి చూడండి.