ఇంటి భోజనంలా ఉందా?

హోటలు భోజనాన్ని మెచ్చుకోవడానికి మన దగ్గర ఒకే ఒక్క మాట ఉంది. "అచ్చం ఇంటి భోజనంలా ఉందండీ!" హోటళ్ళవాళ్ళకీ ఆ సంగతి తెలుసు. అందుకే తమ పేరు కంటే పెద్ద అక్షరాల్లో "ఇంటి భోజనం" అని బోర్డు రాయించుకుంటారు. ఈమధ్య మేం వెళ్ళిన శాకాహార హోటలుకీ అదే బోర్డు. మావారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని అదే మాట అన్నారు కూడాను. నాకు మాత్రం ఆ మాట మీద చాలాకాలంగా ఒక అనుమానం. ఎవరింటి భోజనం? ఆ ఇంట్లో మళ్ళీ ఎవరి భోజనం?

మీరే చెప్పండి, ఇంట్లో మనం తినే భోజనం ఎలా ఉంటుంది? అందరివీ అయ్యాక, మూతలన్నీ తీసి చూసుకుని, గిన్నె అడుగున మిగిలిన పప్పూ, చల్లారిపోయిన కూరా, పారబోయడం ఎందుకులెమ్మని నిన్నటి పులుసూ. సరిగ్గా అలాంటి భోజనమే పెడితే ఏ హోటలైనా వారం తిరక్కుండా తలుపులు వేసుకోవలసిందే. లోకం మెచ్చుకునే ఆ ఇంటి భోజనం మగవాళ్ళూ పిల్లలూ తినేది. వండడం వరకే మనకు దానితో చుట్టరికం.

సరే, ముందు వంటల సంగతి చెప్తాను. విమర్శ అన్నాక పప్పూ చారుల జోలికి వెళ్ళకుండా వేదాంతం మాట్లాడితే మీరు ఊరుకోరు.

ఆదివారం మధ్యాహ్నం నలుగురం వెళ్ళాం. మావారు, మా అబ్బాయి, ఎనభై నాలుగేళ్ళ మా అత్తగారు, నేను. ఆవిడ ఇంతకాలం హోటలంటే "ఎవరు వండారో, ఏం కడిగారో" అంటూ గడప తొక్కలేదు. ఆ రోజు మా ఇంట్లో గ్యాసు అయిపోయి, గత్యంతరం లేక వచ్చారు. అరిటాకులు వేశారు. కందిపొడి, గోంగూర పచ్చడి, బంగాళాదుంప వేపుడు, దొండకాయ కొబ్బరి కూర, ముద్దపప్పు, నెయ్యి, అప్పడం, సాంబారు, చారు, పెరుగు.

కందిపొడిలో దోరగా వేగిన కమ్మదనం ఉంది. గోంగూరలో నాలుగు రోజులు నిలవ ఉండాలన్న తాపత్రయం నూనె రూపంలో తేలుతోంది. వేపుడు కరకరలాడింది, అంత నూనె పోయడానికి ఇంట్లో నాకు చెయ్యి రాదు. సాంబారులో బెల్లం ఎక్కువైంది. చారు మాత్రం చారే. మిరియం ఘాటూ, ఇంగువ వాసనా, పైన నేతి పోపూ! పెరుగు ఉగ్గు గిన్నెంత కప్పులో వచ్చింది, పైగా పులుపు. రెండో కప్పుకి వేరే డబ్బులట. మొత్తమ్మీద వంటకి నూటికి డెబ్బై మార్కులు వేశాను.

అన్నట్టు, ఇల్లూ హోటలూ వేరు వేరని మనం అనుకుంటాం గాని, అవి రెండూ ఎప్పటినుంచో ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నాయి. ఉడిపి చుట్టుపక్కల చెయ్యి తిరిగిన వంటవాళ్ళు కిందటి శతాబ్దంలో మద్రాసూ బెంగుళూరూ బొంబాయీ వెళ్ళి హోటళ్ళు పెట్టారు. అలా వచ్చిన మైయా సోదరులు 1924లో బెంగుళూరులో మొదలుపెట్టిందే మావళ్ళి టిఫిన్ రూమ్స్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యానికి కటకటగా ఉంటే అక్కడ గోధుమ రవ్వతో ఇడ్లీ వేశారనీ, రవ్వ ఇడ్లీ అలా పుట్టిందనీ చెప్తారు. ఎమర్జెన్సీ కాలంలో సర్కారు హోటలు ధరలకి కళ్ళెం వేస్తే, నాణ్యం తగ్గించడం ఇష్టంలేక హోటలు మూసేసి, పిండివంటల మిశ్రమాలు పొట్లాలు కట్టి అమ్మారు వాళ్ళు. హోటల్లో పుట్టిన రవ్వ ఇడ్లీ అలా పొట్లంలో మన వంటింటికి వచ్చింది. ఇప్పుడది తిని పిల్లలు "అమ్మ చేసినట్టుంది" అంటారు!

ఇంకో చిత్రం చూడండి. ఇంట్లో వంట ఆడవాళ్ళ పని. అదే వంటకి జీతమూ పేరూ వచ్చేచోట, హోటళ్ళలోనూ పెళ్ళిళ్ళలోనూ గాడిపొయ్యి దగ్గర ఎక్కువగా కనిపించేది మగవాళ్ళే. ఇది ఇవాళ్టిదా? బాగా కుదిరిన వంటని నలభీమపాకం అంటాం. నలుడూ మగవాడే, భీముడూ మగవాడే. ద్రౌపది పాకమనీ, దమయంతి పాకమనీ ఎవరైనా అనగా విన్నారా?

వంట ఎవరు చేశారన్నదాని కంటే పెద్ద ప్రశ్న ఇంకోటి ఉంది. బల్ల దగ్గర ఎవరు కూర్చోవచ్చు? ఒకప్పుడు హోటళ్ళకి "బ్రాహ్మణ భోజన హోటలు" అని బోర్డులుండేవి. కొన్నిచోట్ల కులాన్ని బట్టి వేరే గదులు. మద్రాసు తిరువల్లిక్కేణిలో మురళీ కేఫు బోర్డు మీది ఆ మాట తీసెయ్యాలని 1957లో పెరియార్ ఉద్యమమే నడిపారు. మన ఆడవాళ్ళకీ ఒక బోర్డు ఉండేది, "ఫ్యామిలీ రూం" అని. పెళ్ళయిన కొత్తలో, 1982లో, మావారు నన్ను మొదటిసారి హోటలుకి తీసుకెళ్తే అలాంటి చెక్కగదిలోనే కూర్చోబెట్టారు. ఆకుపచ్చ తెర, గాలి ఆడదు. తెర అవతల ఊరంతా హాయిగా పంకాల కింద కూర్చుని తింటోంది. మేం మాత్రం ఏదో తప్పుచేసినవాళ్ళలా గొంతు తగ్గించుకుని పూరీలు తిన్నాం. ఇప్పుడు ఆ తెరలు చాలావరకు పోయాయి. అయితే తెర పోయినంత మాత్రాన చూపు మారిందా? అదే నేను ఆ ఆదివారం చూసింది.

వడ్డించే కుర్రాడు చురుకైనవాడే. "సార్, అన్నం? సార్, పప్పు?" అంటూ మావారిని మూడుసార్లు అడిగాడు, మా అబ్బాయిని నాలుగుసార్లు. మా ఇద్దరి ఆకుల మీదికి అతని చూపు రాలేదు. అత్తగారు పప్పన్నం తినేసి, చెయ్యి ఆకు అంచున పెట్టుకుని కూర్చున్నారు. నేను పిలవబోతే "ఊరుకో. అడిగి వేయించుకుంటామా ఏమిటి, ఆడవాళ్ళం" అన్నారు. ఇంతలో మా కుర్చీల వెనక ఇంకో కుటుంబం వచ్చి నిలబడింది, మేమెప్పుడు లేస్తామా అని. వీపు మీద నాలుగు జతల కళ్ళుంటే ముద్ద ఎలా దిగుతుంది చెప్పండి? ఆవిడ ఆకు మడవబోయారు.

అప్పుడు అటువైపు బంతి నుంచి పెద్దవయసు సర్వరు ఒకాయన అన్నం పళ్ళెంతో వచ్చాడు. "మామ్మగారూ, చారు పోసుకోకుండా లేస్తారా? చెయ్యి తియ్యండి, పొగలొస్తోంది" అంటూ అన్నం పెట్టి, చారు పోశాడు. అక్కడితో వెళ్ళిపోలేదు. ఆవిడ నాలుగు ముద్దలు తినేదాకా ఆగి, మళ్ళీ కాస్త పోశాడు. వెనక నిలబడ్డవాళ్ళకి "అక్కడ బెంచీ మీద కూర్చోండమ్మా, పిలుస్తాను" అని చెప్పాడు.

అత్తగారు నిదానంగా తిన్నారు. తిని, నావైపు వంగి, "నా పెళ్ళిలో బంతిలో కూర్చోబెట్టి ఇలా వడ్డించారే అమ్మాయ్" అన్నారు. అంతే అన్నారు.

నేను లెక్కవేసుకున్నాను. ఆవిడ పెళ్ళయి అరవై ఏళ్ళు దాటింది. అందులో నలభై ఏళ్ళకు పైగా నేను అదే ఇంట్లో ఉన్నాను. "మా అత్తగారు అందరి తరవాతే తింటారండీ, ఆవిడకదే అలవాటు" అని ఇరుగుపొరుగులతో గొప్పగా చెప్పాను. నాకు చల్లన్నం మిగులుతోందని సణిగాను గాని, నా పక్కన కూర్చుని అదే చల్లన్నం తింటున్న మనిషి గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆవిడ ఆకలి ఎప్పుడవుతుందో అడిగిన గుర్తే లేదు. హోటలు కుర్రాడు ఒక పూట చేసిన పని నేను ఇన్నేళ్ళుగా చేస్తున్నాను. అతన్ని తిట్టడానికి నోరు రాలేదు.

కనక, వడ్డనకి మార్కులు వెయ్యడం కష్టమైంది. కుర్రాడికి సున్నా వేద్దామంటే నాకూ సున్నాయే. పెద్దాయనకి మాత్రం నూటికి నూరు.

హోటలు యజమానులెవరైనా ఈ పేజీ చదువుతుంటే, పెద్ద కోరికలేం కోరను. బల్ల దగ్గర ఆడవాళ్ళ ఆకులు కూడా చూడమని మీ కుర్రాళ్ళకి చెప్పండి. ఎదురుచూసేవాళ్ళకి నాలుగు బెంచీలు వేయించండి, మా వీపులు బతుకుతాయి. పెరుగు కప్పు కాస్త పెద్దది చెయ్యండి. "ఇంటి భోజనం" బోర్డు దింపెయ్యండి. ఇంట్లో దొరకనిది దొరుకుతుందనే మేం మీ దగ్గరికి వస్తాం.

మరుసటి ఆదివారం పదకొండున్నరకే అత్తగారికి ఆకు వేశాను. "మగవాళ్ళు తినకుండా నాకేమిటే, బుద్ధుందా?" అని గొణిగారు. మావారు చెయ్యి కడుక్కుని వచ్చి, ఏమనుకున్నారో, అన్నం గిన్నె తనే అందుకుని "చెయ్యి తియ్యమ్మా, పొగలొస్తోంది" అన్నారు. ఆవిడ కొడుకు ముఖంలోకి ఒక్క క్షణం చూసి చెయ్యి తీశారు. చారన్నం కలుపుకుని రెండు ముద్దలు తిన్నాక తీర్పు కూడా చెప్పారు.

"అంతా హోటల్లోలాగే ఉందే అమ్మాయ్. చారొక్కటే కుదరలేదు."

ఇప్పుడు మిరియం ఘాటు పెంచే ప్రయత్నంలో ఉన్నాను.