లోపలి మనిషి చూడని మనిషి

పి.వి. నరసింహారావు గారి 'ది ఇన్‌సైడర్' (1998) తెలుగులో 'లోపలి మనిషి'గా మళ్లీ చదివాను. వారి వంగర మా హుజూరాబాదుకు దగ్గరే. కాస్త మమకారం కూడా ఉందనుకోండి!

నవలలో ఆనంద్ భూసంస్కరణలకు పూనుకుంటే, వేదికమీద పేదల కోసం గొంతు చించుకున్నవాళ్లే వెనక గోతులు తవ్వుతారు. 1971లో ముఖ్యమంత్రై 1973 జనవరిలో దిగిపోయిన మనిషి రాశారు గనక పస ఉంది.

ఒక్క లోటు. సీలింగు తప్పించుకోడానికి భూములు ఆడవాళ్ల పేర మారాయి కదా, వాళ్ల మనసులోకి ఈ నవల వెళ్లినట్టు నాకనిపించలేదు. మా పెద్దమ్మ పేర పదహారెకరాలుండేది. ఆమెకు తెలిసింది వేలిముద్ర ఒక్కటే! "నాకేం దెల్సు బిడ్డా, మగోళ్లు జూసుకుంటరు" అనేది. సేద్యపు ఆదాయానికి పన్ను లేదు గనక ఇంట్లోవాళ్ల వ్యాపారం డబ్బు కూడా ఆమె పండించిన పంటే అయ్యేది.

2018 మే 10న ఇక్కడే రైతుబంధు మొదలైంది. పంటకు ఎకరానికి 4000 రూపాయలు. వందెకరాల ఆసామికీ అందింది, కౌలుదారుకు అందలేదు. వేదికమీద ఉపన్యాసం మాత్రం పేదరైతు గురించే!

నవల తప్పక చదవండి. చదివాక, మీ పేర ఏ కాగితాలున్నాయో ఇంట్లో ఓసారి అడగండి.