ఒగ్గేయండి బాబూ

విశాఖ ఉక్కునగరంలో రాత్రి సి షిఫ్టు దిగి వచ్చే మనిషిని భుజాలు చూసి పోల్చుకోవచ్చు. అవి చెవుల దాకా ఎక్కి కూర్చుంటాయి. స్నానం చేసి, కర్టెన్లు లాగి పడుకున్నా దిగవు. పోర్టులో కళాసీ సంగతి వేరు. నొప్పి మూట ఎత్తిన నడుములో ఉందని అతనికి తెలుసు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చల్లని పేర్లు పెట్టుకున్న ఇక్కడి ఉక్కు కర్మాగారం బ్లాస్ట్ ఫర్నేసుల కంట్రోల్ రూముల్లో రాత్రంతా అంకెల వంక చూసినవాడికి మాత్రం మెడ లాగుతోందని తెలుస్తుంది గాని, లాగుతున్నది తానేనని తెలియదు.

నాకూ తెలియదు. మెడనొప్పి పట్టుకుని, గాజువాకలో ఒక డాబా మీద యోగా నేర్పే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. శవాసనంలో పడుకోబెట్టి, నా మణికట్టు పట్టుకుని జానెడెత్తు లేపి, "ఒగ్గేయండి బాబూ" అన్నారు.

"వదిలేశాను మాస్టారూ."

ఆయన తన చెయ్యి తీసేశారు. నా చెయ్యి గాలిలోనే నిలబడిపోయింది.

"మరి దాన్నెవులు పట్టుకున్నారు?" అన్నారాయన.

ఆ ప్రశ్నలోనే ఒంటి బిగువు వదిలే విద్య మొత్తం ఉందని నాకనిపిస్తుంది. మనసులో ఆందోళన ఉన్నప్పుడు చెయ్యి కదపకుండా కూర్చున్నా మెడ, భుజాల కండరాల్లో విద్యుత్ సంకేతాలు పెరుగుతాయి. ఇఎంజి యంత్రం గీతలు గీసి మరీ చూపిస్తుంది. ఆపద దాటాక అవి తగ్గాలి. అలారం ఎప్పుడు మోగుతుందో తెలియని ఉద్యోగంలో ఏళ్ళ తరబడి ఉంటే, ఆ బిగువే మామూలనిపిస్తుంది. రోజూ వినే కన్వేయర్ మోత కొన్నాళ్ళకు చెవికి ఆననట్టే, రోజూ మోసే బిగువు ఒంటికి తెలియకుండా పోతుంది. తెలియనిదాన్ని ఎలా వదులుతాం?

అందుకే మాస్టారు ముందు బిగించమంటారు. పిడికిలి గట్టిగా పట్టు, అయిదు లెక్కపెట్టు, ఇప్పుడు ఒగ్గేయ్. రెండింటికీ తేడా గమనించు. తర్వాత మోచెయ్యి, భుజం, దవడ. దవడ దగ్గర నాకు వారం పట్టింది. పళ్ళు కరుచుకుని బతుకుతున్నానని అప్పుడే తెలిసింది. చికాగోలో ఎడ్మండ్ జాకబ్‌సన్ అనే వైద్యుడు సరిగ్గా ఈ పద్ధతి మీదే 1929లో ఒక పుస్తకం రాశాడు. మాస్టారు ఆ పేరు విన్నారో లేదో నేనడగలేదు. శవాసనం అలసట తీర్చి మనసుకు విశ్రాంతినిస్తుందని 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో ఉందన్న సంగతి మాత్రం ఆయనకు కంఠతా వచ్చు. ముంబయి వైద్యుడు కె.కె. దాతే బృందం 47 మంది రక్తపోటు రోగులతో శవాసనం చేయించి, చాలామందిలో ఫలితం కనిపించిందని 1969లో ప్రకటించింది. నేటి కొలతలకు అది చిన్న పరిశీలనే. దాన్ని చూపించి ఎవరైనా బీపీ మాత్రలు మానేయమంటే వినకండి.

బిగువు వదలడానికి మరో దారి ఊపిరి. దాని సంగతి తేలిక. పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, విడిచేటప్పుడు నెమ్మదిస్తుంది. విడిచే ఊపిరిని పొడిగిస్తే ఆ నెమ్మది కాస్త ఎక్కువసేపు ఉంటుంది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు కూలబడుతూ "హమ్మయ్య" అనేది అందుకేనేమో!

స్పర్శ గురించి మాత్రం ఆగి చెప్పాలి. భోగినాడు పొద్దున్నే నువ్వులనూనె వెచ్చచేసి, పీట మీద కూర్చోబెట్టి మా అమ్మమ్మ వీపు రుద్దేది. నలుగు పిండి తర్వాతి మాట, ముందు ఆ అరచెయ్యి. వెంట్రుకలున్న చర్మంలో మెల్లని నిమురుడుకే బాగా స్పందించే సన్నని నరాలున్నాయని స్వీడన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. సెకనుకు దాదాపు 3 సెంటీమీటర్ల వేగం, ఒంటి వెచ్చదనం ఉన్న చెయ్యి వాటికి బాగా నచ్చుతాయట. అమ్మమ్మ దగ్గర స్కేలూ లేదు, గడియారమూ లేదు. మర్దనాతో ఒంట్లో విషాలు బయటికి పోతాయని పార్లర్ల బోర్డులు చెప్పేదానికి ఆధారం లేదు. సెలూన్లో తలకు మాలీషు చేసి చివర్లో మెడను టక్కున తిప్పే అలవాటు మరీ చెడ్డది. మెడలో మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమని చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. మెడనొప్పితో పాటు చెయ్యి తిమ్మిరెక్కుతున్నా, పట్టు జారుతున్నా ముందు డాక్టరు దగ్గరికే.

యోగా దినోత్సవం నాడు, 2025 జూన్ 21న, మన ఆర్.కె. బీచి నుంచి భోగాపురం దాకా 3 లక్షల మందికి పైగా చాపలు పరిచి యోగా చేశారని లెక్క. గొప్ప దృశ్యమే. కానీ అంతమందిలో ఒక్కొక్కరి చెయ్యి లేపి, వదిలి చూసేదెవరు?

మాస్టారి డాబా మీద పన్నెండు చాపలే పడతాయి. శవాసనంలో నిద్ర పోకూడదని ఆయన పట్టుదల. ఎవరైనా కునుకు తీస్తే పాదం తట్టి లేపుతారు. మొన్నొక ఉదయం పక్క చాప మీద కోక్ ఓవెన్స్‌లో పనిచేసే కుర్రాడు గురక మొదలుపెట్టాడు. భుజాలు రెండూ చాపకు ఆని ఉన్నాయి. లేపుదామని నేను చెయ్యి చాచాను. మాస్టారు కనుసైగతో ఆపారు.

"సి షిఫ్టు చేసి వచ్చాడు. ఒగ్గేయండి బాబూ."