తేదీలేని చరిత్రము

గతించిన పెద్దలను ఏటేట నొకనాడు తలచుకొనుట మనకు క్రొత్త కాదు. అయితే మన తద్దినమునకు రెండు నియమములు కలవు. పోయినవానిని మాత్రమే కాక వాని తండ్రిని, తాతను గూడ పేరుపెట్టి పిలువవలెను. ఆనాడు పరులకు అన్నము పెట్టవలెను. అనగా స్మరణమునకు వెనుక నొక పరంపరయు, ముందు నొక కర్తవ్యమును ఉండవలెనని పెద్దల యభిప్రాయము. ఈ రెండును లోపించి తంతు మాత్రము మిగిలినప్పుడే లోకము "ఇదేమి తద్దినము!" అని విసుగుకొనును. చారిత్రక ఘట్టములకు నేడు మనము జరుపుచున్న సంస్మరణములు ఈ రెండు నియమములలో దేనిని పాటించుచున్నవో విచారింప దలచితిమి.

దినపత్రికలలో "చరిత్రలో ఈ రోజు" అను శీర్షిక నెఱుగనివారు లేరు. పోటీపరీక్షలకు సిద్ధమగు యువకులు దానిని కంఠస్థము చేయుదురు. పాఠశాలలలో ప్రార్థన ముగిసిన పిదప నొక బాలుడు దానిని చదువును, తక్కినవారు విందురు. సభలు, ప్రత్యేక సంచికలు, విగ్రహములకు పూలదండలు అన్నియు ఆ శీర్షికకు విస్తరణములే. మేము దానిని పరిహసించుటకు పూనుకొనలేదు. తేదీ యనునది సామాన్యమైన వస్తువు కాదు. 1906లో విజ్ఞానచంద్రికా మండలి వెలసి, కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు సాక్ష్యము లేని చరిత్ర చరిత్ర కాదని తెలుగువారికి నేర్పినప్పటినుండి, కాలనిర్ణయమునకు మన వచనమున గౌరవము కలిగినది. ఆ గౌరవమును మేమును పాటింతుము. కాని తేదీ చరిత్రకు ద్వారమే గాని యిల్లు కాదు. ద్వారమునొద్దనే నిలిచి నమస్కరించి మఱలిపోవు వానికి లోపల నెవరున్నారో తెలియదు.

ఆ శీర్షికను ఒక రచనగా పరిశీలించినచో మొదట కనబడు దోషము సమత్వము. ఒక రాజు పుట్టుక, ఒక యంత్రము కనిపెట్టుట, ఒక యుద్ధము, ఒక ఆటలో గెలుపు: అన్నిటికిని ఒక్కొక్క పంక్తియే. కారణము చెప్పుటకు తావు లేదు, ఫలితము చెప్పుటకు అంతకన్న తావు లేదు. రెండవ దోషము ఇంకను గొప్పది. తేదీగల సంగతులకే అందు ప్రవేశము. తేదీ లేనివి ఎంతటివైనను బయటనే నిలిచిపోవును.

1877 జనవరి 1వ తేదీని తీసికొందము. ఆనాడు ఢిల్లీలో లిట్టన్ ప్రభువు దర్బారు తీర్చి విక్టోరియా రాణిని భారతదేశమునకు చక్రవర్తినిగా చాటించెను. తేదీ స్పష్టము, స్థలము స్పష్టము. కావున శీర్షికలో దానికి పీట సిద్ధము. ఆ దర్బారు జరుగుచున్న దినములలోనే మదరాసు రాజధానిలో, అందును కడప, కర్నూలు, బళ్ళారి సీమలలో, జనులు ఆకలిచే రాలిపోవుచుండిరి. 1876లో వానలు తప్పుటతో మొదలైన ఆ క్షామము 1878 వఱకు సాగి లక్షలాది ప్రాణములను గొనిపోయినది. దానికి తేదీ ఏది? కమ్మిన మేఘము కురియక మఱలిపోయిన దినమా? గాదె అడుగు కనబడిన దినమా? కాడియెద్దును తెగనమ్ముకొన్న దినమా? తల్లి తన ముద్దను బిడ్డకు తోసి తాను నీళ్లు త్రావిన దినమా? కరువు ఒకనాడు రాదు. కావుననే దానిని ఏనాడును తలచుకొనము. పట్టాభిషేకమునకు ముహూర్తముండును గాని ఆకలికి ముహూర్తముండదు.

మా బద్వేలు ప్రాంతము నల్లమల లంకమలలకును వెలికొండలకును నడుమ సగిలేటి లోయలో నున్నది. ఇచ్చట చరిత్ర మేఘమును బట్టి నడచినది. అందుచేతనే కాబోలు, ఈ సీమ జనులు తమ కష్టమును తేదీతో గాక సంవత్సరనామముతో ముడివేసికొనిరి. 1876-77 ధాత సంవత్సరము. ఆ కరువును వారు "ధాత కరువు" అనిరి. అంతకు పూర్వము 1832-33లో గుంటూరు సీమను పీల్చివేసిన క్షామమునకు "నందన కరువు" అని పేరు. ఈ నామకరణమున మేము గొప్ప వివేకమును చూచుచున్నాము. ఏడాది యంతయు క్రమక్రమముగా బిగిసిన దుఃఖమునకు ఏడాది యంతటి పాత్రయే తగును. నిరక్షరులైన రైతులు ఆ పాత్రను ఎన్నుకొనిరి. అక్షరాస్యులమైన మనము ముప్పదియైదు అక్షరముల పంక్తిలో దానిని పట్టించుకొనలేక విడిచితిమి.

అట్లని పాతదంతయు మేలని మేము చెప్పము. సంవత్సరనామ స్మృతికిని లోపము కలదు. ధాత అరువదేండ్లకొకమారు తిరిగి వచ్చును. 1936లో వచ్చినది, 1996లో వచ్చినది. ఏ ధాతయో చెప్పనిదే వినువానికి బోధపడదు. అంతకన్న కీడు మఱియొకటి. సంవత్సరము పేరుతో చెప్పిన కష్టము గ్రహచారమువలె వినబడును, మనుష్యుల చేత కనబడదు. 1877లో సర్ రిచర్డు టెంపులు క్షామపు పనులలో పాటుపడువానికి దినమునకు ఒకటిన్నర పౌనుగా నున్న ధాన్యపు కూలిని ఒక పౌనునకు తగ్గింపించెను. అది గ్రహచారము కాదు, ఉత్తరువు. దానికి తేదీ కలదు, సంతకము కలదు. బాధను సంవత్సరము పట్టుకొనును, బాధ్యుని తేదీ పట్టుకొనును. ఒకటి లేనిదే మఱియొకటి సగము చరిత్రయే.

ఇక మూడవ దోషము శీర్షికది మాత్రమే కాదు, సంస్మరణములను జరిపించు అధికారులది. దినము ఒకటే యైనను ఏలువారు మాఱినప్పుడెల్ల దాని పేరు మాఱుచున్నది. 1948 సెప్టెంబరు 17న నిజాము భారత సైన్యమునకు లోబడెను. 2022లో ఆ దినమును కేంద్రప్రభుత్వము విమోచన దినమనియు, తెలంగాణ ప్రభుత్వము జాతీయ సమైక్యతా దినమనియు వేర్వేఱు వేదికలపై జరిపినవి. 2024లో రాష్ట్రమున ప్రజాపాలన దినోత్సవమను మఱియొక పేరు వచ్చినది. ఆంధ్రప్రదేశమున అవతరణ దినము గతియు నిట్టిదే. 1956 నుండి నవంబరు 1 ఉత్సవదినము. 2014లో రాష్ట్రము విడిపోయిన పిదప జూన్ 2న నవనిర్మాణ దీక్ష. 2019లో మరల నవంబరు 1. ఇన్ని పేర్ల నడుమ ఆ దినమున నిజముగా నేమి జరిగినదో, ఎవరికి మేలు, ఎవరికి కీడు కలిగినదో చదువుకొన్న బాలునకు తెలియుచున్నదా? సెలవు ఉన్నదో లేదో మాత్రము తెలియుచున్నది.

రాయలసీమవారు తామై నిలుపుకొన్న దినము ఒకటి కలదు. 1937 నవంబరు 16న మదరాసులో, భారతి పత్రికాస్థాపకులగు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గృహమున, కోస్తా నాయకులును సీమ నాయకులును కూడి ఒడంబడిక చేసికొనిరి. మా జిల్లాకు చెందిన కడప కోటిరెడ్డిగారును అందు పాల్గొనిరి. విశ్వవిద్యాలయమునకు అనంతపురమున నొక కేంద్రము. కృష్ణా, తుంగభద్రా, పెన్నా జలముల విషయమున పదేండ్లపాటు, అవసరమైనచో అంతకు మించియు, సీమకును నెల్లూరికిని ముందు హక్కు. రాజధాని, ఉన్నతన్యాయస్థానములలో తమకు వలసినదానిని కోరుకొనుటకు సీమకు స్వేచ్ఛ: ఇవి అందలి ముఖ్యాంశములు. పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణము పిమ్మట 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడగా కర్నూలు రాజధాని యయ్యెను. మూడేండ్లలో, 1956 నవంబరు 1న, ఆ హోదా హైదరాబాదునకు తరలెను.

ఈ ఒడంబడిక దినమును తలచుకొనుట కేవల భక్తి కాదు. అది చెల్లని ప్రామిసరీ నోటును ఏటేట తీసి చూచుకొనుట వంటిది. అందుచే దీనిని మేము ఉత్తమ సంస్మరణముగా నెంచుచున్నాము. కాని నోటును చూచుకొనువాడు అందేమి వ్రాసియున్నదో చదువవలెను గదా! వేదికల మీద శ్రీబాగ్ పేరు పదిమార్లు వినబడును గాని అందలి వాక్యములు ఒక్కమారును వినబడవు. వక్తలు కోపమును పంచిపెట్టుదురు, పాఠమును పంచిపెట్టరు. ఆ పత్రము దీర్ఘమైనది కాదు, గడియలో చదివి ముగింపవచ్చును. సభ ప్రారంభమున నెవరైన దానిని ఆమూలాగ్రముగా చదివి, "ఇందేది చెల్లినది, ఏది చెల్లలేదు, ఏది కాలముతో మాఱవలసినది?" అని యడిగినచో ఆ సభకు సార్థకత కలుగును. చదువని పత్రము కొఱకు చేయు స్మరణము, అర్థము తెలియని మంత్రము చెప్పి పెట్టిన పిండము.

సంస్మరణము ఎట్లుండవలెనో నేర్చుకొనుటకు మేము దూరదేశములకు పోనక్కఱ లేదు. బద్వేలికి ఉత్తరమున 30 కిలోమీటర్ల దూరములో పోరుమామిళ్ల కలదు. అచ్చటి చెరువునకు శాసనమందలి పేరు అనంతరాజసాగరము. మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి రాజ్యమును పాలించిన భాస్కర భవదూరుడు, దానిని కట్టించెను. శాసనకాలము శా. శ. 1291, సౌమ్య సంవత్సరము, కార్తిక మాసము, అనగా క్రీ. శ. 1369. సుక్థంకరు పండితుడు దీనిని ఎపిగ్రాఫియా ఇండికా పదునాలుగవ సంపుటమున ప్రకటించెను.

ఈ శాసనమును మేము చరిత్రవస్తువుగా గాక రచనగా చదువ కోరుచున్నాము. ఇందు తేదీ కలదు. కాని తేదీతో రచన ముగియలేదు. రాజప్రశస్తి కలదు. దానితోను ముగియలేదు. మంచి చెరువునకు వలసిన పండ్రెండు సాధనములను శాసనకర్త వరుసగా చెప్పెను: ధర్మమెఱిగిన ప్రభువు, జలశాస్త్రమెఱిగిన విద్వాంసుడు, గట్టినేల, తియ్యని నీటి యేఱు, కట్టకు ఇరుప్రక్కల కొండలు, రాతిగని, సారవంతమైన ఆయకట్టు, పనితెలిసిన మనుష్యులు మొదలగునవి. పిదప ఆఱు దోషములను చెప్పెను. కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెరువు నడుమ మెరక, కొద్ది నీటికి పెద్ద ఆయకట్టు, పెద్ద నీటికి కొద్ది నేల. ఇంకను ముఖ్యమైనది: దినమునకు వేయిమంది కూలివాండ్రు, రాళ్లు తోలుటకు నూఱు బండ్లు, రెండేండ్ల కాలము పనిచేసిరని లెక్క వ్రాసెను. కూలివారి పేర్లు లేవు, అది నిజమే. అయినను వారి లెక్క ఉన్నది. మన శీర్షికలలో లెక్కయు లేదు.

ఆ శాసనము చదువరిని పొగడుమని కోరదు, నేర్చుకొనుమని కోరును. చెరువు ఎట్లు కట్టబడినదో, ఏ దోషమువలన చెడునో దానిని చూడవచ్చినవానికి చెప్పును. తద్దినమునకు పెద్దలు విధించిన రెండు నియమములును, పరంపరయు కర్తవ్యమును, ఆ రాళ్ల మీద కలవు. 2020లో ఈ చెరువు ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడముగా గుర్తింపు పొందినది. మేము సంతసించితిమి. కాని చెరువునకు కావలసినది ప్రశంసాపత్రము కన్న పూడికతీత. చెరువు కట్టినది రెండేండ్లు. దానిని నిలుపుకొన్నది ఆఱువందల యేండ్లకు పైబడిన కాలము. కట్ట తెగకుండ కాచిన రాత్రులకు, తూము సవరించిన వేసవులకు తేదీలు లేవు. అయినను ఆ తేదీలేని పనియే ఆ తేదీని నేటి వఱకు బ్రదికించినది.

కేవలము దోషములెన్ని ఊరకుండుట విమర్శకునకు ధర్మము కాదు. మేమొక చిన్న మార్పును సూచించుచున్నాము. ఉగాదినాడు ఊరూర పంచాంగ శ్రవణము జరుగును. అందు రాబోవు వానలు, పంటలు, ఆదాయవ్యయములు చెప్పుదురు, జనులు శ్రద్ధతో విందురు. రాబోవుదానితో పాటు, అదే పేరుగల వెనుకటి సంవత్సరములలో ఏమి జరిగినదో యేల చదువరాదు? 2026 ఉగాదితో మొదలగు పరాభవమునే చూడుడు. 1846-47 పరాభవము. ఆ యేట ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంఫిణీ ప్రభుత్వముపై తిరుగబడి 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీయబడెను. ప్రభుత్వము అతని తలను 1877 వఱకు కోటకు వ్రేలాడదీసినది. అదియు ఒక విధమైన సంస్మరణమే, భయపెట్టుటకు చేసినది. 1966-67 పరాభవము. 1966 నవంబరు 1న, రాష్ట్రావతరణ దినముననే, విశాఖ ఉక్కు కొఱకు పోరాడినవారిపై విశాఖపట్టణమున తుపాకులు ప్రేలినవి. ఇట్లు సంవత్సరనామము త్రాడుగా, తేదీ ముడిగా నిలిచినచో రెండు స్మృతులును ఒకదానిలోపమును మఱియొకటి తీర్చును. పాఠశాలల ఉపాధ్యాయులు పూనుకొన్నచో ఒక్కొక్క ఊరును తన ఊరి సంవత్సరములను తానే కూర్చుకొనగలదు. ఎవరికి ఏ యేట చెరువు తెగినది, ఏ యేట వలసపోయిరి, ఏ యేట బడి వచ్చినది, ఇవి చెప్పగల వృద్ధులు ఇంకను కొందఱున్నారు. వారు దాటిపోకమునుపే అడుగవలెను.

2029 ఉగాదికి సౌమ్య సంవత్సరము వచ్చును. అనంతరాజసాగర శాసనమునకు పదునొకండు ఆవృత్తములు, అనగా 660 ఏండ్లు, అప్పటికి నిండును. ఆనాడు కట్టమీద వేదిక వేసి, దండలు వేసి, ఫొటోలు తీసికొని పోవుదురేమో యని మా భయము. అట్లుగాక, ఒకరు శాసనమును తెలుగున చదువగా, తక్కినవారు ఆఱు దోషములలో నేవి తమ చెరువునకు పట్టినవో కట్టవెంబడి నడచి చూచి, పలుగు పాఱలతో దిగుదురుగాక. వేయిమంది రానక్కఱ లేదు. పదిమంది వచ్చినను, ఆ పేరులేని వేయిమందికి అది తగిన తద్దినమగును.