‘పనితో సంబంధం లేని’ చావులు

2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఒక పదబంధాన్ని మిగిల్చింది. స్టేడియాలు కట్టిన కార్మికులలో పనివల్ల మరణించినవారు ముగ్గురు, ‘పనితో సంబంధం లేని’ మరణాలు 37 అని ఖతర్ నిర్వాహకులు ప్రకటించారు. పగలంతా ఎడారి ఎండలో ఇనుము మోసి, రాత్రి క్యాంపులో గుండె ఆగినవాడి చావుకు పనితో సంబంధం లేదనగలిగేది భాష ఒక్కటే. 2022 నవంబరులో నిర్వాహక కమిటీ ప్రధాన కార్యదర్శి 400-500 మంది అన్నాడు. అది దేశంలోని అన్ని పనుల లెక్క అని కమిటీ సవరించింది. గీత ఎక్కడ గీస్తే లెక్క అక్కడ ఆగుతుంది.

2019-22 మధ్య ఫిఫా ఆదాయం సుమారు 750 కోట్ల డాలర్లు. టీవీ ప్రసారం, ప్రకటన, టిక్కెట్టు అన్నింటికీ ఆటతో సంబంధం ఉంది. చావుకే లేదు.

‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని తమ వలస చరిత్రను మూడు మాటల్లో చెప్పుకున్న తెలంగాణ పల్లెల నుంచి ఖతర్‌కు పనికి వెళ్లినవారు ఎందరో. అందుకే గల్ఫ్ కథను శవపేటిక ఊరు చేరడంతో ముగిస్తే చాలదు. పెట్టెతోపాటు వచ్చిన కాగితం మీద ‘సహజ మరణం’ అని రాసిన చేతిని రచయిత పట్టుకోవాలి. కన్నీటి దగ్గర ఆగిన కథ ఆ కాగితాన్ని ఒప్పుకున్నట్టే. కరుణ ఒక్కటే చాలదు, కార్యకారణం కావాలి.