హెర్‌స్టాల్ తుపాకుల పనిలో స్త్రీల నేర్పు
బెల్జియంలోని లియేజ్ నగరం పక్కన, హెర్‌స్టాల్‌లో 1889లో స్థాపితమైన ఎఫ్.ఎన్. ఆయుధ కర్మాగారం పేరు చెప్పగానే జాన్ బ్రౌనింగ్ రూపకల్పనలు గుర్తుకు వస్తాయి గాని, ఆ తుపాకుల విడిభాగాలను యంత్రాలపై మలిచిన స్త్రీల పనితనాన్ని తలచేవారు తక్కువ. మిల్లింగ్, అంటే తిరిగే పళ్ల చక్రంతో లోహాన్ని పొరలు పొరలుగా కోసి భాగానికి రూపమివ్వడం, నూనె చిందే యంత్రం ముందు నిలబడి కొలత తప్పకుండా చేయవలసిన పని. ఏళ్ల తరబడి అందులో చెయ్యి తిరిగినవారిని సైతం నైపుణ్యం లేని కార్మికులుగానే జమకట్టడం, నిజానికి, జమకట్టినవారి చూపులోని లోపమే. 1966 ఫిబ్రవరిలో దాదాపు 3,000 మంది స్త్రీలు యంత్రాలు ఆపి, ఐరోపా దేశాల మధ్య కుదిరిన రోమ్ ఒప్పందంలో సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలన్న 119వ అధికరణాన్ని ఆధారం చేసుకొని 12 వారాలు సమ్మె నడిపారు. గంటకు 5 ఫ్రాంకులు పెంచమని అడిగినవారికి దక్కినది 2.75 ఫ్రాంకులు.